దరువుకు గిరి గీయగలమా?

ఉగాది మర్నాడు కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పల రెండుగా చీలిపోతుంది. వీరభద్రస్వామి పక్షం ఒకవైపు, కాళికాదేవి పక్షం మరోవైపు. గాల్లో పిడకలే పిడకలు! ఆ సమరం ముగిశాక స్వామికీ అమ్మవారికీ కల్యాణం. కొట్టుకున్నవాళ్లే పెళ్లిపెద్దలు.

ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం అభిమానుల పోరూ ఇలాంటిదే. కాకపోతే కల్యాణం దాకా రారు!

బయటివాళ్లకు అంతా ఒకటే మోత. అభిమానినడిగితే హౌస్ వేరు, టెక్నో వేరు, ట్రాన్స్ వేరు. హౌస్ షికాగో బిడ్డ. నిమిషానికి 120 నుంచి 130 దరువులు, మధ్యలో మనసును తాకే గొంతు. టెక్నో డెట్రాయిట్‌ది. అందులో యంత్రానిదే రాజ్యం. 'డ్రమ్ అండ్ బాస్' అయితే 170 దరువులతో ఉరుకుతుంది. ఒకటి నచ్చినవారికి మరొకటి చేదు.

ఆ గిరులు ఎంత నమ్మదగినవి? ముంబయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జీత్ సింగ్, 1982లో రోలండ్ కంపెనీ 808, 303 యంత్రాలపై పది రాగాలను డిస్కో దరువుకు కట్టారు. అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ. 1987లో షికాగో కుర్రాళ్లు అదే 303తో చేసిన సంగీతానికి 'యాసిడ్ హౌస్' అని పేరొచ్చింది. 2010లో సింగ్ ఆల్బమ్ మళ్లీ విడుదలైనప్పుడు ప్రపంచం ముక్కున వేలేసుకుంది... పేరు పుట్టకముందే సంగీతం పుట్టిందని!

మన ఊళ్లలోనూ ఇదే తగవు. తీన్మార్‌కు కంప్యూటర్ దరువు కలిపితే 'పాట చెడగొట్టారు' అంటారు పెద్దలు. 'ప్రాణం పోశాం' అంటారు కుర్రాళ్లు. డప్పు పట్టిన చేతికి పని తగ్గిందన్న బాధ మాత్రం అభిరుచికి మించినది.

శబ్దం సంగతీ వేరే. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదన్నవి 2000 నాటి నిబంధనలు. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించిందీ మోత గురించే. పసిపిల్లలకూ గుండెజబ్బు ఉన్నవారికీ అది హౌసా, టెక్నోనా అన్నది అనవసరం. అక్కడ గిరి గీయాల్సిందే.

అభిరుచికి మాత్రం వద్దు. అబ్బాయి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు 'ఏంటా గోల?' అనేబదులు 'ఏదీ, నాకూ ఒకటి ఇవ్వు' అని అడిగి చూడండి. తర్వాత మీ పాత పాట వాడి చెవిలో పెట్టండి. పిడకలు విసురుకున్నా ఫర్వాలేదు... కల్యాణం మరిచిపోకుంటే చాలు!