ఆ రైల్‌బస్ ఫొటో కింద ‘హెరిటేజ్’ అని రాయకండి

కోనసీమ మీద వచ్చే ట్రావెల్ వ్యాసాల్లో ఒక మాట తరచుగా కనిపిస్తోంది. రైలు రాలేదు కాబట్టే ఈ సీమ ఇంకా పచ్చగా మిగిలిందట. పక్కనే కాకినాడ–కోటిపల్లి రైల్‌బస్ ఫొటో: ఒకటే పెట్టె, చుట్టూ వరిచేలు. కింద ‘హెరిటేజ్’ అని. ముమ్మిడివరం వాణ్ణి, నాకు ఒళ్లు మండుతుంది.

ఏం హెరిటేజ్? ఆ 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. 1940లో యుద్ధానికి కావాలని పట్టాలు పీకేశారు. పన్నెండేళ్ల ముచ్చట. మళ్లీ రైలు నడిచింది 2004లో. యుద్ధం ఆరేళ్లలో ముగిసింది, తెల్లవాడు ఇంకో రెండేళ్లకి పోయాడు, పట్టాలు రావడానికి మాత్రం 64 ఏళ్లు. తాతగారి సైకిలు ఎత్తుకెళ్లి మనవడి కాలంలో తిరిగిస్తే, అబ్బ, ఎంత పురాతనమో అని మురిసిపోతామా?

పైగా అది గోదావరి దాటిందెప్పుడు? కోటిపల్లి రేవు దగ్గర ఆగిపోతుంది. 2022లో జిల్లా గీత మారి కోటిపల్లి కోనసీమలో కలిసింది గానీ, అవతలి ముక్తేశ్వరానికీ దానికీ మధ్య గౌతమి అలాగే ఉంది.

కోటిపల్లి–నరసాపురం, 57 కిలోమీటర్లు, 2000–01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కావాలి. అప్పుడు లోక్‌సభ స్పీకర్ మా పక్క ఎదుర్లంక మనిషి, ఒకప్పటి మా ఎమ్మెల్యే బాలయోగి. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. తర్వాత ఖర్చులో రాష్ట్రం వాటా ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అన్న బేరం. రెండు దశాబ్దాలు దాటింది. గౌతమిలో స్తంభాలు లేచాయి, రైలు లేదు.

‘రైల్‌బస్సుకే జనం లేరు కదా’ అంటారు తెలివైనవాళ్లు. నది ఒడ్డున ఆగిపోయే బండి ఎవడెక్కుతాడండీ? లాగిన్ పేజీ ఒక్కటే కట్టి, యూజర్లు రావట్లేదని ప్రాజెక్టు మూసేసే మేనేజర్లని నేను ఆఫీసులో చూస్తూనే ఉంటాను.

ఇక పచ్చదనం. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకి పైగా మండింది. 2014లో నగరంలో గ్యాసు పైపు పేలింది. చేలు రొయ్యల చెరువులయ్యాయి. వీటిలో ఏదీ రైలెక్కి రాలేదు. గ్యాసు పోవడానికి దారి దొరికింది, మనుషులకే దొరకలేదు.

నిజానికి ఆ లైను మా ఊరి మీదుగా పోదు కూడా. వస్తే అమలాపురం వెళ్లి ఎక్కుతాం, పర్వాలేదు. ఈసారి కోటిపల్లి వెళ్లినవాళ్లు రైల్వే స్టేషన్ దగ్గరే ఆగకుండా రేవు దాకా నడవండి. నీళ్లలో నిలబడ్డ ఆ స్తంభాల్ని కూడా ఒక ఫొటో తియ్యండి.