సైకిలుకు ఉన్న దావ పత్తి బండికి లేదా?

మా అక్క కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. ఆదివారం వస్తే లక్ష రూపాయలు దాటిన సైకిలెక్కి నందికొండల దిక్కు పోతాడు. అక్కడ ద్రాక్షతోటల నడుమ మట్టిదావల్లో తిరగడం వానికి సరదా. మొన్న దసరాకు ఊరికొచ్చి సెల్లులో ఒక వీడియో చూపించాడు. తెల్లటి గరుసు రోడ్డు, రెండు పక్కలా ద్రాక్షతోటలు, దూరంగా అడవి, ఆ రోడ్డు మీద వందల సైకిళ్లు. "మామా, ఇది ఇటలీ. అచ్చం మన చేని దావ మాదిరి లేదూ?" అన్నాడు.

మాదిరే ఉంది. కాకుంటే ఆ రోజు మా చేని దావలో పత్తి ట్రాక్టరు ఇరుసుదాకా దిగబడి ఉంది. దాన్ని బయటికి లాగడానికి ఇంకో ట్రాక్టరు తెస్తే అదీ దిగబడింది. మా వాడు కూడా వచ్చి చెయ్యేశాడు. సాయంత్రానికి వాని బూట్లకు రెండేసి కిలోల రేగడి.

ఆ ఇటలీ రోడ్ల సంగతి మాత్రం నన్ను వదల్లేదు. వాన్నే అడిగి, ఇంకొంత చదివించుకుని తెలుసుకున్నాను. అది టస్కనీ ప్రాంతం, సియానా పట్టణం చుట్టుపక్కల పల్లెలు. ఆ రోడ్లను వాళ్లు 'స్ట్రాదె బియాంకె' అంటారు, తెల్ల రోడ్లు అని అర్థం. వాటిని సైకిళ్ల కోసం ఎవరూ వేయలేదు. ద్రాక్ష, ఆలివు, గోధుమ మోసే ఎడ్లబండ్ల దావలవి. ఆ బండ్లు తోలినవాళ్లు మన కోరు రైతుల్లాంటివాళ్లే, పంటలో సగం భూస్వామికి కొలిచినవాళ్లు. ఆ పద్ధతిలో కొత్త ఒప్పందాలు రాసుకోకూడదని 1964లో అక్కడ చట్టం వచ్చింది. తర్వాత జనం పట్నాలకు పోయారు, పాత దావల మీద తారు పడసాగింది. అప్పుడు జాన్‌కార్లో బ్రోచ్చి అనే ఆయన, ఈ దావలు పోతే మన ఊళ్లు పోయినట్టే అని, 1997లో గయోలె అనే ఊళ్లో పాత సైకిళ్ల యాత్ర ఒకటి మొదలుపెట్టాడు. మొదటిసారి వచ్చింది 92 మంది. 2007 నుంచి అదే రోడ్ల మీద పెద్ద సైకిలు పందెమే జరుగుతోంది, ప్రపంచమంతా టీవీలో చూస్తోంది.

ఇంకో మాట. సియానా దక్షిణాన ఉన్న నేల బంకమట్టి. వానకు మెత్తబడేది, ఎండకు పగిలేది, మన రేగడికి దూరపు చుట్టం అనుకోండి. ఆ నేల మీదే గరుసు రోడ్లు నిలబడ్డాయి. కాబట్టి "నల్లరేగడిలో గ్రావెల్ నిలవదు రెడ్డీ, డబ్బు దండగ" అని మనకు చెప్పే ఇంజనీరు మాటను ఇకమీద నమ్మాల్సిన పని లేదు.

నిలవనిది గరుసు కాదు, మనవాళ్లు చేసే పని. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా నాలుగు టిప్పర్లు గరుసు కుమ్మరించి, బ్లేడుతో అలా అలా సర్ది, ఫోటో తీసి బిల్లు పెడితే రెండు వానలకు నేల మింగేస్తుంది. ముందు కట్ట ఎత్తు చేయాలి. రెండు పక్కలా కాలువ తీయాలి. నడిమి భాగం ఎత్తుగా, నీళ్లు అటూ ఇటూ జారేట్టు వాలు పెట్టాలి. వరుస వరుసకు నీళ్లు చల్లి రోలరు తిప్పాలి. వంక దాటే చోట తూము వేయాలి. ఆ తర్వాత ఏటా మృగశిర రాకముందే గుంతలు పూడ్చాలి. ఇదంతా తెలియనిది ఎవరికి? తెలిసే చేయడం లేదు.

ఇప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు చేలకు వద్దాం. పత్తి మొదటి తీతకు వచ్చే వేళకే వెనకటి వానలు పడతాయి. కూలి ఆడోళ్లు బురదలో నడిచొచ్చి పత్తి తీస్తారు. తీసిన పత్తి చేనిలోనే పట్ట కింద కూర్చుంటుంది, ఎందుకంటే దావ లేదు. సీసీఐ వాళ్లు తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర ఇస్తారు, 12 వరకు కోత కోస్తారు, అది దాటితే వెనక్కి పంపుతారు. చేనిలో నాలుగు రోజులు నిలిచిన పత్తి ఏ లెక్కలో పడుతుందో మీకు తెలుసు. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు అని ఢిల్లీలో ప్రకటించారు. దాన్ని అందుకోవాలంటే ఇప్పుడు యాప్‌లో స్లాటు పట్టుకోవాలి. స్లాటు వచ్చిన రోజు దావలో మోకాలి లోతు బురద ఉంటే యాప్ వచ్చి ట్రాక్టరు నెడుతుందా? అప్పుడు చేని కాడికే వచ్చే వ్యాపారి దిక్కవుతాడు. ఆయన తగ్గించే ధరకు తేమ ఒక సాకు, దావ ఇంకో సాకు. ఆదోని యార్డు ఇంత పెద్దదని గొప్ప చెప్పుకుంటాం కదా, యార్డుకూ చేనికీ నడుమ ఆఖరి రెండు కిలోమీటర్లలోనే మన మద్దతు ధర దిగబడిపోతోంది.

ఊళ్లోకి పోయి చూడండి, సీసీ రోడ్లు ఉన్నాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం లెక్కలో కూలికి 60, సామగ్రికి 40. ఆ 40లో పెద్ద వాటా ఏళ్ల తరబడి వీధుల్లో సిమెంటుగా మారింది. వీధికి సిమెంటు వద్దనను, మా ఇంటి ముందూ అదే ఉంది. కానీ వీధిలో పత్తి పండదు. సిమెంటులో కాంట్రాక్టరుకు మిగులు ఉంది, చేని దావలో లేదు. అదీ అసలు సంగతి. ఎండాకాలం మూడు నెలలు చేని దావల పని గట్టిగా పెట్టి ఉంటే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు నుంచి సుగ్గికి పోయే కుటుంబాల్లో కొన్నయినా ఊళ్లో ఆగేవి. గుంటూరుకు పోయి ఇంకొకరి చేనిలో మిరపకాయ కోసేవాళ్లు ఇక్కడి దావ చదును చేయలేరా?

అందరినీ తిట్టాను, ఇక మనల్ని మనం తిట్టుకోవాలి. ఈ పత్రికలో ఇది రాయడం కొందరికి నచ్చదు. గ్రామ నక్షా తీసి చూడండి. మా ఊరి నక్షాలో ఆ దావ రెండు బండ్లు ఎదురెదురు తప్పుకునేంత వెడల్పుంది. ఇప్పుడు నేల మీద ఒక ట్రాక్టరుకే చాలడం లేదు. మిగతాది ఎవరు మింగారు? కంపెనీవాడు కాదు, అంబానీ కాదు. ఏటా గుంటక తోలేటప్పుడు అటు నుంచి ఒక సాలు, ఇటు నుంచి ఒక సాలు. మా నాయన కలుపుకున్నాడు, ఆయన తర్వాత నేనూ ఒక సాలు కలుపుకున్నాను. ఆ రెండు సాళ్లలో వచ్చిన పత్తి ఎంతో గాని, ఒక్కరోజు ట్రాక్టరు దిగబడితే పోయేది అంతకంటే ఎక్కువ. మడకకు, ఎద్దుకు ఆ దావ చాలేది కాబట్టి అప్పుడు నొప్పి తెలియలేదు.

దావ పోరంబోకు సర్కారు భూమి. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం మన జిల్లాకు వర్తిస్తుంది. నోటీసు ఇచ్చి ఆక్రమణ తొలగించే అధికారం రెవెన్యూ వాళ్లకు దానిలోనే ఉంది. కొత్త చట్టం కావాలని ఎవరూ ధర్నా చేయనక్కరలేదు. అర్జీ పెడితే మాత్రం "రైతులే ఒకరి మీద ఒకరు పెట్టుకుంటున్నారు, మీలో మీరు మాట్లాడుకోండి" అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉండటమే వాళ్ల ధైర్యం. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే సంగతి కూడా మరవకండి. డ్రోను కంటికి ఇప్పుడున్న గట్టు కనిపిస్తుంది, మట్టిలో పూడిపోయిన పాత సర్వే రాయి కనిపించదు. మన ఊళ్లో కొలతలకు వచ్చిన రోజు పాత ఎఫ్‌ఎంబీ కాగితం చేతిలో పెట్టుకుని దావ పక్కన నిలబడకపోతే, మింగిన సాలు కాగితం మీద కూడా మన పట్టా అయిపోతుంది. ఆ తర్వాత దావ అడగడానికి మొహం ఉండదు.

మా అక్క కొడుకు ఇంకో ఉపాయం చెప్పాడు. ఆదోని కొండల కింది నుంచి చేల మీదుగా ఎల్లెల్సీ గట్టు పట్టుకుని, కోసిగి దాటి మంత్రాలయం దాకా సైకిలు దావ పెడితే బెంగళూరు, హైదరాబాదు నుంచి జనం వస్తారట. ఇక్కడ ద్రాక్షా లేదు, వైనూ లేదు, అడవంటే కొండ మీది ముళ్లకంప. అయినా వస్తారట. రానీ. టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చిన సర్కారుకు ఈ ముక్క చెవిన పడితే రేపే బోర్డు పాతి రిబ్బను కత్తిరిస్తుంది. నాకు భయం అదే. సైకిళ్ల కోసం వేసిన దావ చలికాలం ఆదివారానికి సరిపోయేట్టు ఉంటుంది. పది క్వింటాళ్ల పత్తి లాగే ట్రాక్టరుకు, కార్తె వానలకు తట్టుకునే దావ వేరు. ముందు అది వేయండి. దాని మీద సైకిళ్లు బ్రహ్మాండంగా పోతాయి. సియానాలో జరిగింది ఆ వరసలోనే, బండి తర్వాత సైకిలు.

కార్యకర్తలకు విన్నపం. వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశానికి ప్రతి శాఖ తన ఊరి నక్షా నకలు తీసుకుని రావాలి. ఏ దావ ఎన్ని చేలకు పోతుంది, ఎక్కడ తెగింది, ఎక్కడ తూము కావాలి అనేది నడిచి చూసి రాసుకుని రావాలి. ఉపాధి పనుల జాబితాలో ఆ దావలు ఎక్కేదాకా గ్రామసభ నుంచి లేవకూడదు.

మా చేని దావకు పోయిన వారం తాడు పట్టాం. నేను రెండు సాళ్లు వదిలి గట్టు వెనక్కి జరిపాను. ఎదురు చేనాయన కూడా జరిపాడు. మూడో చేనాయన సర్వేయరు వచ్చి రాయి చూపిస్తే గాని జరపనన్నాడు. సర్వేయరు కోసం అర్జీ పెట్టి పద్దెనిమిది రోజులయింది.