సగంలో ఆగిన లారీ

గరాజ్ సేల్స్‌లో ఏం కొనవచ్చో, ఏం కొనకూడదో పోయిన నెల రాస్తే చాలామంది మెయిల్ చేశారు. ఎక్కువమంది అడిగింది ఒకటే: "సగం చేసి వదిలేసిన మోడల్ కిట్లు చవగ్గా దొరుకుతుంటాయి, తీసుకోవచ్చా?" తీసుకోవచ్చు. ఈ నెల ముచ్చట అదే. వంటల కోసం వచ్చినవాళ్ళు నిరాశపడకండి, ఇందులోనూ ఫ్రీజరూ, ఫాయిలూ ఉన్నాయి.

నేను కొన్నది పీటర్‌బిల్ట్ 359 లారీ. పొడవాటి ముక్కుతో, రెండు పక్కలా పొగగొట్టాలతో ఉండే అసలు లారీని 1967 నుంచి 1987 దాకా తయారుచేశారు. దాని ప్లాస్టిక్ కిట్ చేసింది ఏఎంటీ అనే కంపెనీ. మిషిగన్‌లోని ట్రాయ్‌లో పుట్టిన కంపెనీ అది. మేముండే నోవైకి దగ్గరే. 1970లలో ఇక్కడ లారీ డ్రైవర్ల మీద పాటలు, సినిమాలు వచ్చి జనమంతా లారీల మోజులో పడ్డారు. అప్పట్లో ఈ కిట్లు కూర్చి అలమారల్లో పెట్టుకున్నవాళ్ళు చాలామందే. ఆ తరం ఇప్పుడు వెళ్ళిపోతోంది. వాళ్ళ సామాను అమ్మకానికి వస్తోంది. నా పెట్టె కూడా అలాంటి ఇంట్లోంచి, 6 డాలర్లకి వచ్చింది.

పెట్టెలో చాసిస్ కూర్చి ఉంది. ఇంజన్‌కి చక్కగా రంగులు వేసి ఉన్నాయి. క్యాబిన్‌కి మాత్రం కుంచెతో మందంగా ఎరుపు పూశారు. కిట్‌తో వచ్చిన కాగితం మీద ఒక్కో మెట్టూ పూర్తయ్యాక పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. ఏడో మెట్టు దగ్గర టిక్కులు ఆగిపోయాయి.

అప్పుడు మా అత్తయ్య ఇక్కడే ఉన్నారు. మావయ్య పోయిన ఏడాదికి, ఒంటరిగా ఉండొద్దని విజయవాడ నుంచి తీసుకొచ్చాం. నవంబరులో దిగారు. బయట మంచు, లోపల టీవీ. పగలంతా ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నా రోజుకి పది మాటలు మాట్లాడుకునేవాళ్ళం కాదు. మావయ్య ముప్ఫై ఏళ్ళు లారీ తోలారు. ఆయన ఊసెత్తితే ఆవిడ బాధపడతారని మా వారు ముందే చెప్పి ఉంచారు. అందుకని పెట్టెని బేస్‌మెంట్‌లో పెట్టాను. ఆవిడే కిందికొచ్చి చూశారు.

"ఎవరిదమ్మాయ్ ఈ లారీ?"

"ఎవరో పెద్దాయనదండీ. పూర్తి చెయ్యకుండానే పోయారు."

ఏమీ అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఇక పనిలోకి వద్దాం. ఇలాంటి కిట్ల ప్లాస్టిక్ పాలీస్టైరీన్. దీని జిగురు మామూలు జిగురులా రెండు ముక్కల మధ్య అంటుకుని ఉండదు. రెండంచుల్నీ కాస్త కరిగించి ఒకటి చేసి, తాను ఆవిరైపోతుంది. అలా బాగా కలిసిన అతుకుని విడదీయాలని చూడకండి, ముక్కే విరుగుతుంది. పైపైన అంటిన పాత జిగురైతే జిప్ కవర్‌లో పెట్టి ఓ పూట ఫ్రీజర్‌లో ఉంచండి. చలికి జిగురు పెళుసెక్కి, మెల్లగా వంచితే చాలావరకు ఊడుతుంది. నా క్యాబిన్ ఒక రాత్రి కొబ్బరికోరు డబ్బా పక్కన పడుకుంది.

పాత రంగు తీయడానికి నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి పోకండి. అందులో ఎసిటోన్ ఉంటే ముక్క కళ్ళముందే కరిగి ముద్దవుతుంది. మందుల షాపుల్లో దొరికే 91 శాతం రబ్బింగ్ ఆల్కహాల్ పాలీస్టైరీన్‌ని ఏమీ చెయ్యదు, చాలా రకాల రంగుల్ని మెత్తబరుస్తుంది. మూతున్న డబ్బాలో రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే నాకు ఎరుపంతా పొరలుగా లేచొచ్చింది. చేతులకి గ్లవ్స్, తెరిచిన కిటికీ, దగ్గర్లో పొయ్యి లేకపోవడం, ఈ మూడూ తప్పనిసరి. పిల్లలున్న ఇంట్లో డబ్బా మీద పెద్దక్షరాలతో పేరు రాసి, పై అరలో పెట్టండి.

మెరుపు ముక్కల మీద ఉండేది నిజం క్రోమియం కాదు. శూన్యంలో ఆవిరిచేసి పట్టించిన అల్యూమినియం పొర. అల్యూమినియం క్షారాలకి ఆగదు. అల్యూమినియం గిన్నెని వాషింగ్ సోడాతో తోమితే నల్లబడేది అందుకే. మాసిపోయిన మెరుపు తీసేయాలంటే ఆ ముక్కని బ్లీచ్‌లో వేస్తే కాసేపట్లో పోతుంది. కానీ బ్లీచ్‌ని రబ్బింగ్ ఆల్కహాల్‌తో గానీ, అమ్మోనియాతో గానీ, వెనిగర్‌తో గానీ ఎప్పుడూ కలపొద్దు, విషపదార్థాలు పుడతాయి. ఒక పనికి వాడిన డబ్బా రెండో పనికి వాడకండి.

ఇంకొకటి. పాత కిట్లలో టైర్లు మెత్తటి వినైల్. వాటిని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఏళ్ళ తరబడి మెల్లగా బయటికొచ్చి, తాకిన ప్లాస్టిక్‌ని కొరికేస్తుంది. నా పెట్టెలోనూ టైర్లకి ఆనుకున్న రెండు చక్రాలకి గుంటలు పడ్డాయి. పుట్టీ నింపి, ఉప్పు కాగితం తడిపి రుద్ది, చక్రానికీ టైరుకీ మధ్య సన్నటి ఫాయిల్ చుట్టాను. మీకు పెట్టె దొరగ్గానే ముందు టైర్లు తీసి వేరే కవర్‌లో వెయ్యండి. మిగతా పని ఏడాది తర్వాత చేసుకున్నా ఫర్వాలేదు.

పసుపెక్కిన స్టిక్కర్లని కవర్‌లో పెట్టి ఎండ పడే కిటికీ అద్దానికి అతికిస్తే మెల్లగా తెల్లబడతాయి. మిషిగన్ చలికాలపు ఎండకి మూడు వారాలు పట్టింది. పాతవి నీళ్ళలో వేస్తే ముక్కలైపోతాయి కాబట్టి ముందు మీద క్లియర్ కోటు కొట్టి ఆరనివ్వాలి.

ఇంజన్ దగ్గరే మా ఇద్దరికీ మాట పడింది. అంతా మొదటి నుంచి చేద్దాం, ఇంజన్ రంగు కూడా తీసేద్దాం అన్నాను నేను. కెమిస్ట్రీ చదివినదాన్ని, శుభ్రమైన ముక్కతో మొదలుపెట్టాలన్నది నా లెక్క. అత్తయ్య ఇంజన్ చేతిలోకి తీసుకుని దీపం దగ్గర తిప్పి చూశారు. బెల్టుకి నలుపు, గొట్టాలకి వెండి రంగు, ఒక్క గీతా పక్కకి పోలేదు.

"ఇది ఎంత ఓపిగ్గా చేశాడో చూడు. బాగున్నదాన్ని ఎందుకు చెరపడం? ఆయన ఆపిన కాడ్నించి నువ్వు చెయ్యి."

ఆ ఒక్క మాటతో పని పద్ధతే మారింది. పాడైనది మాత్రమే తీయడం, బాగున్నది ఉంచడం, లేనిది చేర్చడం. ఎనిమిదో మెట్టు నుంచి నేను టిక్కులు పెట్టాను, నీలం ఇంకుతో.

మెరుగులు దిద్దేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒక్కటే. ఇది 25లో ఒక వంతు. అసలు లారీలో మీటరు ఇక్కడ 4 సెంటీమీటర్లు. 0.1 మిల్లీమీటరు మందం రంగు పూస్తే అసలు లారీకి రెండున్నర మిల్లీమీటర్లు పూసినట్టు. అందుకే పల్చగా, రెండు మూడు పొరలు. అత్తయ్య సీటుకి వెల్వెట్ జాకెట్టు గుడ్డ కత్తిరించి పెట్టి, తనే నవ్వేశారు: "ఈ సైజుకి ఇది గోనెసంచమ్మాయ్." గుడ్డ నేత ఇంత చిన్న లారీలో ముతగ్గా కనబడుతుంది. బదులుగా టిష్యూ కాగితాన్ని నీళ్ళు కలిపిన తెల్ల జిగురులో ముంచి, ముడతలతో సహా సీటు మీద పరిచి, ఆరాక రంగు వేశాం. అచ్చం తోలులా వచ్చింది. పోయిన పొగగొట్టం 5 అంగుళాల లావుదైతే ఇక్కడ 5 మిల్లీమీటర్లు, ఆ లావు అల్యూమినియం గొట్టం ముక్క సరిపోయింది.

క్యాబిన్ వెనక ట్రైలర్‌కి వెళ్ళే గాలి గొట్టాలు కిట్‌లో లేవు. చెవి బుట్టలు చేసుకునే 24 గేజ్ తీగ అర మిల్లీమీటరు, అంటే అసలు గొట్టంలో సుమారు 12 మిల్లీమీటర్లు. టూత్‌పిక్‌కి చుట్టి స్ప్రింగులా చేశాం. అమెరికాలో ఒకటి ఎరుపు, ఒకటి నీలం. నీలం మామూలు బ్రేకుకి. ఎరుపు గొట్టంలో గాలి పోతే ట్రైలర్ బ్రేకులు వాటంతటవే పడతాయి. ఇది నేను చదివి చెబుతుంటే అత్తయ్య చెయ్యి ఆపారు.

"మీ మావయ్యా అనేవాడు. గాలి పోతే బండి ఆగిపోవాలి, అదే మంచి బండి అని." కాసేపాగి చెప్పుకుంటూ పోయారు. బయల్దేరే ముందు ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునీ కొట్టి శబ్దం వినేవారట. ఆ చప్పుడుకి వీధిలో వాళ్ళందరికీ ఆయన వెళ్తున్నట్టు తెలిసేదట. ఇరవై రోజులు రోడ్డు మీద, నాలుగు రోజులు ఇంట్లో. "నేనెప్పుడూ ఆ క్యాబిన్ ఎక్కలేదమ్మాయ్. ఎక్కమని ఆయనా అన్లేదు, నేనూ అడగలేదు." కళ్ళు తుడుచుకున్నారు, ఎర్ర తీగ అందుకున్నారు. ఆ సాయంత్రం మా వారు ఆఫీసు నుంచి వచ్చి మెట్ల మీదే కూర్చుని తమ నాన్న కబుర్లు విన్నారు. అందులో సగం ఆయనకీ కొత్తే.

అద్దానికి నిమ్మకాయ, మిరపకాయలు కడదామా అని మా బాబు అడిగాడు. "వద్దు నాన్నా, ఇది ఆ తాతగారి లారీ. వాళ్ళకి అలవాటుండదు" అన్నారు అత్తయ్య. కట్టలేదు.

మొత్తం ఖర్చు, కిట్‌తో కలిపి, 40 డాలర్ల లోపే. పట్టిన కాలం మూడు నెలలు. హెచ్-4 మీద వచ్చి ఎనిమిదేళ్ళయింది. నా డిగ్రీ ఎందుకు పనికొచ్చిందని ఎవరైనా అడిగితే ఇకనుంచి ఆ లారీ చూపిస్తాను.

అత్తయ్య ఏప్రిల్‌లో వెళ్ళారు. వీడియో కాల్‌లో ముందు బాబునీ, తర్వాత లారీనీ చూపించమంటారు. దుమ్ము తుడుస్తున్నావా అంటారు. తుడుస్తున్నాను, మేకప్ బ్రష్‌తో. గుడ్డ వాడితే అద్దాల కాడలు విరుగుతాయి, మీరూ వాడకండి. ఇక పెట్టె కొనేటప్పుడు అన్ని ముక్కలూ ఉన్నాయా అని చూడ్డం కంటే, కాగితం ఉందో లేదో చూడండి. లేని ముక్కని చేసుకోవచ్చు. ముందు చేసినవాళ్ళు ఎక్కడ ఆపారో తెలియాలంటే ఆ కాగితం ఉండాలి.