పోటీలో మొలచిన నీలిమందు



గుడివాడనుండియు, బందరునుండియు బిడ్డలను విజయవాడ కళాశాలలకు బంపు తల్లులు తఱచుగ నడుగు ప్రశ్న యొక్కటి కలదు. “అమ్మాయి జీవశాస్త్రము చదువుచున్నది. వైద్యవిద్యలో సీటు రానిచో దాని గతి యేమి?” ఈ భయముచేతనే యెందఱో బాలికలు రెండేండ్లు, మూడేండ్లు ఆ యొక్క పరీక్షకే మరల మరల కూర్చుండుచున్నారు. జీవశాస్త్రమునకు వైద్యము గాక వేఱు ద్వారములు కలవు. వానిలో నొకదానిని గూర్చి యీ నెల వ్రాయుచున్నాను.

ఐజెం అను పేర విద్యార్థులకొక పోటీ జరుగుచున్నది. అమెరికాలోని ఎం.ఐ.టి. యను విద్యాసంస్థలో 2003లో చిన్న తరగతిగా నారంభమై, 2004లో అయిదు జట్ల పోటీ యయ్యెను. ఇటీవలి సంవత్సరములలో నాలుగువందలకు మించిన జట్లు వివిధ దేశములనుండి చేరుచున్నవి. 2006లో బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రమునుండి మన దేశపు జట్టు వెళ్లెను. తరువాత మద్రాసు ఐ.ఐ.టి. వారును, మన రాష్ట్రమున తిరుపతి ఐసర్ విద్యార్థులును పాల్గొనిరి.

అందు చేయు పని యెట్టిది? పాలకు తోడుపెట్టునపుడు మనము కంటికి గానరాని సూక్ష్మజీవులచేత పని చేయించుకొనుచున్నాము గదా! అవి తమ స్వభావముకొలది పాలను పెరుగు చేయును. ఆ స్వభావమునకు మూలము జన్యువులు. ఒక మొక్కనుండియో, వేఱొక ప్రాణినుండియో గ్రహించిన జన్యువును సూక్ష్మజీవియందు జేర్చి, అది యెన్నడును చేయని పదార్థమును దానిచేత జేయించు విద్యకు సింథటిక్ బయాలజీ యని పేరు. విద్యార్థులు జట్టుగ గూడి, లోకమునకు బనికివచ్చు సమస్య నొకదానిని దామే యెన్నుకొని, కొన్ని నెలలు ప్రయోగశాలలో శ్రమించి, ఫలితమును సభలో నివేదింతురు. దానివలన నపాయమేమైన గలదా, దాని నుపయోగింపబోవువారి యభిప్రాయమేమి యను సంగతులకును సమాధానము చెప్పవలెను.

మనకు సులభముగ బోధపడు నుదాహరణము రంగులది. పెడనలో నేటికిని కలంకారీ యద్దకము చేయు కుటుంబములున్నవి. కరక్కాయ, పటిక, చిరివేరు, నీలిమందు – వీని పేళ్లు మనకు గ్రొత్తవి కావు. నీలిమొక్క యాకు పచ్చగనే యుండును. రంగునకు మూలమైన పదార్థ మందు చక్కెరతో జతగూడి దాగియుండును. ఆకును నానవేసి పులియబెట్టినచో చక్కెర విడిపోవును. మిగిలినది గాలి సోకగానే నీలమగును. 1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ రసాయన నీలిమందును విపణికి దెచ్చెను. దానితో మన దేశపు నీలి సేద్యము క్షీణించెను. అంతకు ముందే, 1868లో కృత్రిమమైన యెఱ్ఱరంగు కనుగొనబడిన పిదప, మన చిరివేరునకును ఆ గతియే పట్టెను. నేడు జీన్సు బట్టలకు వాడు నీలము రసాయనికమే. దాని తయారీలో విషపదార్థములు వాడుదురు. నీట గరగని యా రంగును బట్టకు బట్టించుటకు తీక్ష్ణమైన హైడ్రోసల్ఫైటు కావలయును.

2013లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఐజెం పోటీకి ఈ నీలిమందునే యెన్నుకొనిరి. మొక్క చేయు నుపాయమునే బాక్టీరియాకు నేర్పవలెననియు, చక్కెరతో గూడిన పదార్థమును నీట గరగించి బట్టకు బట్టించి, పిదప ఎంజైముతో చక్కెరను విడదీసినచో హైడ్రోసల్ఫైటు లేకయే నీలమగుననియు వారి యూహ. పోటీ ముగిసినను పని ముగియలేదు. అక్కడి యాచార్యులు జాన్ డ్యూబర్ గారి ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థినిగ నున్న టామీ హ్సూ గారును, సహచరులును ఆ మార్గముననే సాగి, జపాను నీలిమొక్క జన్యువును బాక్టీరియాలో జేర్చి సఫలులై, 2018లో శాస్త్రపత్రికయందు బ్రకటించిరి. పిమ్మట నామె మిషెల్ ఝూ అను మఱియొక యువతితో గూడి కంపెనీ స్థాపించిరి. దానికి మొదట టింక్టోరియం అనియు, పిదప హ్యూ అనియు పేరు. ఒక వేసవి పోటీ, అయిదేండ్ల పరిశోధన, అటుపై వ్యాపారము – ఇదియే క్రమము.

ఇట్టివి మఱికొన్ని కలవు. కెనడాలోని కాల్గరీ విద్యార్థులు 2012లో మురుగునీటి కుంటలయందలి విషములను గనిపెట్టు బాక్టీరియాను రూపొందించిరి. అందుండి 2014లో ఫ్రెడ్‌సెన్స్ అను జలపరీక్షా సంస్థ పుట్టెను. 2006లో ఎం.ఐ.టి. జట్టు దుర్గంధపు బాక్టీరియాచేత నరటిపండు వాసన వచ్చునట్లు చేసెను. ఆ జట్టునకు మార్గము చూపినవారిలో నొకరైన రేష్మా శెట్టి గారు 2008లో మఱి నలుగురితో గూడి గింకో బయోవర్క్స్ నెలకొల్పిరి. ఆ సంస్థ 2021లో వాటాల విపణి కెక్కెను; తరువాత వాటాల విలువ మిక్కిలి పడిపోయి, 2024లో పెక్కుమంది యుద్యోగులను దీసివేయవలసి వచ్చెను. కావున కంపెనీ యన్నంతనే కలిమి యని భ్రమపడరాదు. జట్లలో నధిక భాగము కంపెనీలు కావు. ప్రవేశ రుసుమే కొన్ని లక్షల రూపాయలగును; దానిని కళాశాలయో దాతలో భరింపవలెను గాని, తల్లి నగ లమ్మి కట్టవలసినది కాదు.

అయినను లాభమెక్కడ? పుస్తకమున లేని ప్రశ్నకు బదులు వెదకుట, ప్రయోగము చెడినపుడు కారణ మరయుట, పదిమందితో గూడి పనిచేయుట, చేసినదానిని సభలో చెప్పగలుగుట – ఇవి పతకము రాకున్నను మిగులును. పరిశోధనశాలలలో జేర్చుకొనువారు చూచునవి యివియే.

దివిసీమలో నుప్పెక్కిన నూతులున్నవి. తీరమున రొయ్యల చెఱువులకు తెల్లమచ్చ తెగులు సోకినపుడు రైతు రాత్రికి రాత్రి నష్టపోవును. ఈ కష్టములు ప్రయోగశాలలోని వారికి దెలియవు. నాగాయలంక బాలికకు దెలియును. ఆమె యందు లేనిచో వాని నెవ్వరెన్నుకొందురు? చిరివేరు పోయిననాడు మనవారిలో నొక్కరును ఆ రసాయనశాలలో లేరు. రేపు బాక్టీరియా నీలము వచ్చిననాడు పెడన యద్దకపువారి మేలు కీడు లడుగువారైన నుండవలెను గదా!

కావున అమ్మలారా, బిడ్డను కళాశాలలో జేర్చునపుడు ఉత్తీర్ణుల సంఖ్యతోపాటు, అచట ప్రయోగశాలను విద్యార్థులకు తెఱతురా, వేసవిలో పని చేయనిత్తురా యనియు అడుగుడు. సెలవులలో నింటికి రాక ప్రయోగశాలలో నుందునని యమ్మాయి జాబు వ్రాసినచో, అచట చూచుకొను పెద్ద యెవరో విచారించుకొని, సంతోషముతో సమ్మతింపుడు.