మూడు పెన్నీల సుంకము

అమెరికా స్వాతంత్ర్యసమరమును గూర్చి మన చదువరులలో పెక్కుమంది యెరిగిన సంగతులు రెండు. బోస్టను రేవులో తేయాకును సముద్రమున పారబోసిరని యొకటి. వాషింగ్టను సేనానియై ఆంగ్లేయులను గెలిచెనని రెండవది. వీని వెనుక నడచిన కథ యింతకంటె తెలిసికొనదగినది. 1763వ సంవత్సరమున ఆ పదుమూడు వలసరాజ్యములలో స్వాతంత్ర్యమును కోరిన పక్షమే లేదు. తాము ఆంగ్లేయ రాజునకు ప్రజలమని చెప్పుకొనుట వారికి గర్వకారణమై యుండెను. 1776 నాటికి ఆ జనులే ఆ రాజుతో సంబంధమును త్రెంచుకొనిరి. భరింపరాని పన్నులే యిందుకు కారణమని పలువురు తలచుచుందురు. అది సరికాదు. ఆనాడు అమెరికా వలసవాడు చెల్లించు పన్ను ఇంగ్లండులోని వాడు చెల్లించుదానికంటె మిక్కిలి తక్కువ. తుదకు తగవంతయు నిలిచిన తేయాకు సుంకము పౌను తూకమునకు మూడు పెన్నీలు మాత్రమే. మూడు పెన్నీలకై ఒక జనము ఎనిమిదేండ్లు యుద్ధము చేయునా? చేసెను. ఎందులకు చేసెనో విచారింతము.

దీనికి మూలము ఏడేండ్ల యుద్ధమున నున్నది. 1756 మొదలు 1763 వరకు ఆంగ్లేయులును ఫ్రెంచివారును భూగోళమున రెండువైపులను పోరాడిరి. ఆ యుద్ధము ఆంధ్రులకు పరాయిది కాదు. 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు ఫ్రెంచివారి నుండి మన బందరుకోటను పట్టుకొనెను. ఆ సెప్టెంబరులోనే అమెరికాఖండమున క్విబెక్కు నగరము ఆంగ్లేయుల వశమయ్యెను. విజయములకు వెల యుండును గదా! యుద్ధము ముగియునాటికి బ్రిటను జాతీయఋణము దాదాపు ఇనుమడించెను. గెలిచిన భూమిని కాపాడుటకని పదివేల సైన్యమును అమెరికాలో నిలుపదలచి, ఆ ఖర్చులో కొంత వలసవారే భరింపవలెనని ప్రధానమంత్రి గ్రెన్‌విల్లు నిశ్చయించెను. పైకి చూచిన నిది అన్యాయముగ తోపదు. కాని వలసవారు తరతరములుగా తమ శాసనసభలలో తమ పన్నులను తామే విధించుకొనుచు, పెక్కు రాజ్యములలో గవర్నరు జీతమును సైతము తామే మంజూరు చేయుచు వచ్చినవారు. సొమ్మిచ్చుటకు వారు వెనుదీయలేదు. తమ సభల నడిగి తీసికొనవలెననియే వారి పట్టు.

1765 మార్చిలో స్టాంపు చట్టము పుట్టెను. దావా కాగితములు, దస్తావేజులు, కళాశాల పట్టాలు, వార్తాపత్రికలు, పంచాంగములు, కడకు పేకముక్కలు కూడ స్టాంపు లేనిదే చెల్లవు. చట్టమును మీరినవానిని జ్యూరీ లేని నౌకాన్యాయస్థానమునకు ఈడ్వవచ్చును. ఊరిలో మాటాడ నేర్చినవాడు వకీలు, వ్రాయ నేర్చినవాడు పత్రికాధిపతి. ఆ యిరువురి జేబులలోను ఒక్కమారే చేయిపెట్టి నోరు మెదపకుడని చెప్పుట సాహసమే. స్టాంపు కాగితము వాడుటకంటె కోర్టు మూతపడుటయే మేలని పెక్కుచోట్ల వకీళ్లు పని మానుకొనిరి. అది తమ కూటికి సంబంధించిన త్యాగమని మా వృత్తివారికి వేరుగ చెప్పనక్కరలేదు. తొమ్మిది రాజ్యముల ప్రతినిధులు అక్టోబరులో న్యూయార్కున సమావేశమై మనవులు వ్రాసిరి. వర్తకులు సీమసరకును కొనమని ఒట్టు పెట్టుకొనిరి. లండనులో నున్న ఫ్రాంక్లిను మాత్రము చట్టము తప్పదని యెంచి, తన స్నేహితు నొకనికి స్టాంపులు పంచు ఉద్యోగమును సిఫారసు చేసెను! అంతటి బుద్ధిశాలికిని తన ఊరివారి మనస్సు సముద్రమునకు ఆవలినుండి తెలియలేదు.

వలసవారి వాదమునకు లండను మంత్రివర్గమువారు చెప్పిన సమాధానము వినదగినది. మాంచెస్టరు, బర్మింగుహాము వంటి పెద్ద పట్టణములకును పార్లమెంటులో సభ్యులు లేరు. అయినను పార్లమెంటు సామ్రాజ్యమంతటికిని ప్రతినిధియే, కనుక అమెరికాకును ప్రతినిధియే అని వారి తర్కము. మాంచెస్టరుకు సభ్యులు లేకపోయిన యెడల ఉండవలసినదే గాని, ఆ లోపము మా నెత్తిన పెట్టుట యేల యని బోస్టను వకీలు జేమ్సు ఓటిసు ఎదురడిగెను. ఈ ఓటిసే 1761లో, సుంకపు అధికారులు ఎవరి యింటనైనను చొరబడి సోదా చేయుటకు వీలిచ్చు వారంటులకు వ్యతిరేకముగ వాదించి ఓడిపోయినవాడు. ఓడిన వ్యాజ్యమును జనము మరువలేదు.

1766 మార్చిలో పార్లమెంటు స్టాంపు చట్టమును రద్దుచేసెను. వలసవారు దీపములు వెలిగించి పండుగ చేసికొనిరి. కృతజ్ఞతగా న్యూయార్కువారు మూడవ జార్జిరాజునకు గుఱ్ఱముపై నెక్కిన సీసపు విగ్రహమునే చేయించిరి. కాని రద్దుచేసిన దినముననే మఱియొక చట్టము వచ్చెను: సమస్త విషయములయందును అమెరికాను కట్టిపడవేయు శాసనములు చేయుటకు పార్లమెంటునకు అధికారము కలదని అందు వ్రాసిరి. చేతిలోని కొరడాను దించిరే కాని, అది తమదేయని రిజిస్టరు చేయించుకొనిరి. ఆనాటి సంబరములో దీనిని శ్రద్ధతో చదివినవారు కొలదిమంది.

ఇచట నొక్కమాట. ఆ 1765లోనే, ఆగస్టులో, తూర్పుఇండియా కంపెనీవారు షా ఆలం పాదుషావలన వంగదేశపు దివానీతోపాటు మన ఉత్తరసర్కారులకును ఫర్మానా పొందిరి. మన తాతల తాతల నెవ్వరును అడుగలేదు. అడుగవలెనని తలచినవారును లేరు. అచటనో, అడుగలేదనియే ఊళ్లు లేచెను. ఈ భేదము రక్తములోనిది కాదు. ఊరి సభలో కూర్చుండి చేయెత్తి పద్దు మంజూరు చేయుట వారికి తాతలనాటి అలవాటు.

1767లో టౌన్షెండు అను మంత్రి గాజు, సీసము, రంగులు, కాగితము, తేయాకులపై సుంకములు వేసెను. పెన్సిల్వేనియా న్యాయవాది జాను డికిన్సను ఒక రైతు వ్రాసినట్లుగా లేఖలు ప్రకటించెను. సుంకము స్వల్పమని మోసపోవలదనియు, స్వల్పమగుటయే అందలి యపాయమనియు ఆయన వాదము. మరల సీమసరకుల బహిష్కారము సాగెను. స్త్రీలు జట్లుగ గూడి రాట్నములు త్రిప్పిరి. ఇంట వడకిన నూలుగుడ్డ దేశభక్తికి గుర్తయ్యెను. ఈ ముక్క చదివి మన యూళ్లలో ఖద్దరు కట్టిన కుటుంబములవారు ఆశ్చర్యపడకుందురా?

1768లో బోస్టనులో సైన్యము దిగెను. 1770 మార్చి 5వ తేదీ రాత్రి గుంపుపై సిపాయిలు కాల్చగా అయిదుగురు చనిపోయిరి. చనిపోయినవారు మనవారు, కాల్చినవారు పరాయివారు. అయినను ఆ సిపాయిల పక్షమున వకాల్తా పుచ్చుకొన్నవాడు వలసవారి నాయకులలో నొకడగు జాను ఆడమ్సు. కెప్టెను నిర్దోషియని విడుదలయ్యెను. ఎనమండుగురు సిపాయిలలో ఆర్గురు విడుదలైరి, ఇద్దరికి బొటనవ్రేళ్లపై వాతలు మాత్రము పడెను. తీర్పు చెప్పినది ఆ దేశపు జ్యూరీయే. అదే కాలమున ఇతరచోట్ల సుంకపు ఉద్యోగులకు తారుపూసి ఈకలద్దిన అల్లరిమూకలును కలవు. 1765లోనే హచిన్సను అను అధికారి యింటిని పాడుచేసిరి. ఆ పనులను పొగడుట మాకు చేతకాదు. మూకనుండి ప్రజాసంఘమును వేరుచేసినది బోస్టను కోర్టులోని ఆ జ్యూరీయని మా యభిప్రాయము.

ఇక తేయాకు. తేయాకు తప్ప తక్కిన సుంకములు 1770లో తొలగెను. వంగదేశమున అప్పటి క్షామమున లక్షలకొలది జనము నశింపగా, కొన్నియేండ్లలోనే కంపెనీ అప్పులపాలయ్యెను. గిడ్డంగులలో అమ్ముడుపోని తేయాకు కుప్పలుగ పడియుండెను. కంపెనీని గట్టెక్కించుటకు పార్లమెంటు 1773లో అప్పునిచ్చి, తేయాకును నేరుగా అమెరికాలో చవుకగ అమ్ముకొనుటకు సెలవిచ్చెను. సుంకము చెల్లించినను సరకు మునుపటికంటె చవుకయే! చవుకసరకును వలదను వెఱ్ఱివా రుందురా యని మంత్రి నార్తు ప్రభువు లెక్క. కాని సుంకము చెల్లించి త్రాగిన ప్రతి గిన్నెయు పార్లమెంటు అధికారమును ఒప్పుకొన్నట్లేయని వలసవారు గ్రహించిరి. వంగదేశమున కంపెనీ చేసిన పనులను ఫిలడెల్ఫియా కరపత్రములు వర్ణించి, ఆ కంపెనీయే మనయింటికి వచ్చుచున్నదని హెచ్చరించెను. మన దేశస్థుల యాకలిచావులు అంతదూరమున సాక్ష్యమిచ్చెను.

ఫిలడెల్ఫియా, న్యూయార్కు రేవులనుండి ఓడలు వెనుకకు మరలెను. బోస్టనులో హచిన్సను గవర్నరై యుండెను. అతని కుమారు లిద్దరు తేయాకు ఏజంట్లు. ఇరువది దినములలో సుంకము చెల్లింపవలెను, చెల్లింపనిదే ఓడను కదలనీయనని అతడు బిగించెను. గడువు ముగియు ముందటి రాత్రి, డిసెంబరు 16న, 342 పెట్టెలు సముద్రమున పడెను.

కోపించిన పార్లమెంటు 1774లో బోస్టను రేవును మూసివేసి, మసచూసెట్సు శాసనవిధానమును మార్చి, ఊరిసభలను గవర్నరు అనుమతికి లోబరచెను. ఒక్క ఊరిని శిక్షించిన తక్కిన ఊళ్లు భయపడునని వారి యూహ. జరిగినది వేరు. దక్షిణమున కరొలినా నుండి బియ్యమును, ఇరుగుపొరుగు రాజ్యములనుండి గొఱ్ఱెలను, పిండిని బోస్టనునకు పంపిరి. సెప్టెంబరులో ఫిలడెల్ఫియా వడ్రంగుల సంఘపు మందిరమున పండ్రెండు రాజ్యముల ప్రతినిధులు కాంగ్రెసుగ కూడిరి. వారు చేసిన తీర్మానములలో మిక్కిలి బలమైనది యుద్ధమును గూర్చినది కాదు. డిసెంబరు 1 మొదలు సీమసరకు దిగుమతి చేయరాదనియు, దీనిని కనిపెట్టి చూచుటకు ప్రతి జిల్లాలోను, పట్టణములోను, ఊరిలోను ఓటర్లు ఒక సంఘము నెన్నుకొనవలెననియు, మీరినవారి పేరు పత్రికలలో ప్రకటింపవలెననియు తీర్మానించిరి. ఆ సంఘములే క్రమముగ అంగళ్లను పరీక్షించెను, తగవులు తీర్చెను, మందుగుండు కూర్చెను, సైన్యమునకు మనుష్యులను తయారుచేసెను. రాజు గవర్నర్లు మేడలలో నుండిరి. ఊరు మాత్రము సంఘము మాట వినసాగెను. వేరుపడవలెనని యెవ్వరును తీర్మానింపకముందే పరిపాలన చేయి మారెను. సరకు బహిష్కారమున వర్తకునకు కలిగిన నష్టము కంటె ఈ మార్పే ఇంగ్లండునకు పెద్ద నష్టము. లండనులో దీనిని కనిపెట్టినవా రరుదు.

1775 ఏప్రిలు 19న లెక్సింగ్టను వద్ద తుపాకులు మ్రోగెను. ఆపైనను జూలైలో కాంగ్రెసువారు రాజునకు తుదిమనవి పంపిరి, వ్రాసినవాడు డికిన్సనే. రాజు దానిని పుచ్చుకొననైన లేదు. ఆగస్టు 23న వారిని తిరుగుబాటుదార్లని చాటించి, జర్మనీ సంస్థానములనుండి కూలిసైన్యమును తెప్పించెను. 1776 జనవరిలో, ఇంగ్లండునుండి వచ్చి రెండేండ్లయిన నిండని టామసు పెయిను, రాజరికమే వ్యర్థమని తేటమాటలతో చిన్న పుస్తకము వ్రాసెను. జూలై 4 నాటి ప్రకటనలో నేరములన్నియు రాజుమీదనే మోపిరి. పార్లమెంటు పేరైన నెత్తలేదు. తమపై దానికి అధికారమే లేదన్నవారు దానిని ప్రతివాదిగా చేర్చుట యెట్లు? ఆ నెల 9న న్యూయార్కులో సీసపు జార్జిరాజును క్రిందికి లాగి, కరగించి, తుపాకిగుండ్లు పోసికొనిరి.

ఈ కథకు మచ్చయు కలదు. మానవులందరు సమానులని వ్రాసిన జెఫర్సను వందలకొలది బానిసలకు యజమాని. బానిసవ్యాపారమును దూషించుచు ఆయన వ్రాసిన భాగమును కాంగ్రెసువారే కొట్టివేసిరి. వలసజనములో సుమారు అయిదవవంతు బానిసలు. తిరుగుబాటుదార్ల బానిసలు రాజసైన్యమున చేరిన విడుదలయని వర్జీనియా గవర్నరు 1775 నవంబరులో చాటగా, స్వేచ్ఛను వెదకుచు ఆంగ్లేయుల పక్షమునకు పారిపోయిన నీగ్రోలు వేలకొలది. వారి సంకెల తెగుటకు 1865 రావలసివచ్చెను. ఆదివాసుల భూములను గూర్చి చెప్పనేల? పడమటికొండలు దాటి వలసలు పోరాదని 1763లో రాజు చేసిన ఆజ్ఞయు వలసవారి ఫిర్యాదులలో నొకటి.

1781 అక్టోబరులో యార్కుటౌనునందు తన సైన్యముతో లోబడిన సేనాపతి కారన్‌వాలిసు ప్రభువు. అతనిని 1786లో గవర్నరు జనరలుగ మనదేశమునకు పంపిరి. 1793లో వంగదేశమున అతడు నాటిన శాశ్వత జమీందారీ పద్ధతి 1802 నాటి మదరాసు రెగ్యులేషనుతో ఉత్తరసర్కారులకును వచ్చెను. దానిని తొలగించిన ఎస్టేటుల రద్దుచట్టము మదరాసు శాసనసభలో మన ఓటర్లు పంపిన సభ్యుల చేతులమీదుగ వెలువడినది. అది 1948వ సంవత్సరపు చట్టము.