ఆరుద్ర పురుగుకి ఎన్ని కాళ్ళు?

"పురుగులకి ఆరు కాళ్ళుంటాయి" అని మా అమ్మాయి ఈవీఎస్ నోట్సులో రాసుకుంది. టీచరు టిక్కు కూడా పెట్టింది. 2020 జూన్‌లో, ఆరుద్ర కార్తె వాన పడ్డ మర్నాడు, కల్హేర్‌లో మా చెలక గట్టు మీద కూర్చుని ఆ పిల్ల అరచేతిలో ఆరుద్ర పురుగుని పెట్టుకుంది. ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కకి ప్రాణమొచ్చినట్టుంటుంది చూడండి, అదే. కాళ్ళు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"నాన్నా, ఎనిమిదున్నాయి. ఇది తప్పా, నా నోట్సు తప్పా?"

పదిహేనేళ్ళ సాఫ్టువేరు అనుభవంతో నేనిచ్చిన జవాబు: "ఉండమ్మా, ఫోన్లో చూసి చెప్తా." సిగ్నల్ లేదు :)

మా అమ్మ మాత్రం నడుం ఎత్తకుండానే చెప్పింది. "గది కనవడ్డదంటె ఇత్తనాలు ఏసుడే. నొక్కకు బిడ్డా, కింద ఇడువు."

సాయంత్రం సిగ్నల్ దొరికాక తెలిసింది, ఆరుద్ర పురుగు అసలు కీటకమే కాదట. సాలీడు, తేలు వర్గానిది. అందుకే ఎనిమిది కాళ్ళు. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోనే ఉండి, తొలకరి తడి తగలగానే పైకొస్తుంది. అంటే నోట్సూ తప్పు కాదు, పురుగూ తప్పు కాదు. మనం పెట్టిన పేరే కాస్త తేడా. అమ్మకి దాని వర్గం తెలియదు, నాకు దాని సంగతే తెలియదు. ఎవరికి ఎక్కువ తెలుసంటారు?

సరే, అక్కడికెలా చేరామో చెప్పాలి. 2020 మార్చిలో బళ్ళు మూతపడ్డాయి, ఆఫీసు ఇంటికొచ్చింది. ఫ్లాటులో నలుగురం, మూడు స్క్రీన్లు. రెండు నెలలు చూసి ఊరికి వెళ్ళిపోయాం. హైదరాబాదు నుంచి దాదాపు 120 కిలోమీటర్లు, నారాయణఖేడ్ దాటి వెళ్ళాలి. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. అటు కర్ణాటక, ఇటు మహారాష్ట్ర దగ్గర కాబట్టి మా దగ్గర జొన్నని జోళ అనేవాళ్ళూ ఉంటారు, జ్వారీ అనేవాళ్ళూ ఉంటారు. మా పిల్లలకి మొదటి పాఠం అదే. ఒకే గింజ, మూడు పేర్లు.

పెద్దదానికి ఎనిమిదేళ్ళు, చిన్నోడికి ఐదు. ఆన్‌లైను క్లాసులో చిన్నోడు మ్యూట్‌లో నిద్రపోయేవాడు. అందుకని సాయంత్రం స్టాండప్ కాల్‌కి ముందు రోజూ ఒక గంట మేమే ఏదో ఒకటి చేద్దామనుకున్నాం. దానికి హోంస్కూలింగ్ అని పెద్ద పేరు పెట్టుకున్నాను కూడా. చేసిన వాటిలో పనికొచ్చినవి చెప్తాను.

మొదటిది వాన సీసా. నిట్టనిలువుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాకి స్కేలు అతికించి డాబా మీద పెట్టాం. వాన వెలిసాక ఎన్ని మిల్లీమీటర్లో పెద్దది చూసి గోడ మీద బొగ్గుతో రాసేది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వానంటే ఒక లీటరు నీళ్ళు. వంద చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్లు పడితే 2000 లీటర్లు. అంటే రెండు వెయ్యి లీటర్ల ట్యాంకులు మోరీలో కలిసిపోయాయన్నమాట. ఈ లెక్క తెలిసిన రోజు దానికి కోపమొచ్చింది. నీళ్ళు ఆదా చేయాలని పుస్తకంలో చదివినప్పుడు రాని కోపం.

రెండోది మట్టి ముద్ద. నల్లరేగడి తడిపి చేతుల మధ్య పాము చేస్తే తెగకుండా పొడుగ్గా వస్తుంది. ఎర్ర చెలక మట్టి మధ్యలోనే విరిగిపోతుంది. రెండు మట్టులూ చెరొక గాజు సీసాలో వేసి, నీళ్ళు పోసి, కుదిపి వదిలేస్తే ఇసక ముందు దిగుతుంది, సన్న బంకమట్టి మర్నాటికి కూడా పూర్తిగా దిగదు. ఏ నేలలో నీళ్ళు నిలుస్తాయో, ఎండాకాలం ఏ నేల నెర్రెలిస్తుందో దానికి ఒక్క ముక్క చెప్పాల్సిన అవసరం రాలేదు.

మూడోది గింజలు. కొబ్బరి చిప్పల్లో పెసర, కంది, జొన్న. మొదటి విడత మొత్తం కుళ్ళిపోయింది, కారణం నేనే. "గంటకోసారి నీళ్ళు పోస్తె గింజకు గాలాడొద్దారా?" అని అమ్మ తిట్టింది. రెండో విడతలో పెసర మూడో రోజుకే లేచింది. కంది తాపీగా వచ్చింది. ఆ తర్వాత కోళ్ళొచ్చాయి. వాటి సంగతి వదిలేయండి.

నాలుగోది గిజిగాడు. ఇక్కడే నా అభిప్రాయం మారింది. బావి మీదికి వంగిన ఈత చెట్టుకి డజను గూళ్ళు వేలాడుతున్నాయి. నాకు అందంగా కనిపించాయి, అంతే. పక్కింటి అబ్బాయి, నాలుగో తరగతి, మా పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పాడు. అల్లేది మగ పిట్ట. వరాకుని అంచు పట్టుకుని పోగులా చీరి తెస్తుంది. గూడు సగం అయ్యాక ఆడ పిట్ట వచ్చి చూస్తుంది. నచ్చకపోతే ఆ గూడు అంతే సంగతులు, ఇంకోటి మొదలు. (క్లయింటు సైనాఫ్ ఇవ్వకపోతే మనం కూడా అంతే కదా!) లోపల తడి మట్టి పూస్తుందని కూడా వాడే, రాలిపడిన గూడొకటి చీల్చి చూపించాడు.

తర్వాత వాళ్ళమ్మ చెప్పిన మాట ఇది. అంతకుముందు ఏడాది పరీక్షలో "పక్షులు గూడు దేనితో కడతాయి?" అని అడిగితే వాడు "వరాకు, మన్ను" అని రాశాడట. గైడులో "పుల్లలు, గడ్డి" అని ఉందట. సున్నా వేశారు.

మా అమ్మాయి నోట్సులో టిక్కు, వీడి జవాబుకి సున్నా. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చాలా రోజులు ఆలోచించాను. 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని బళ్ళలో తప్పనిసరిగా చెప్పమంది. సంతోషమే. కానీ మనం దాన్ని ఇంకో బట్టీ సబ్జెక్టు చేసుకున్నాం. చూసినవాడికి సున్నా, చూడనివాడికి టిక్కు.

ఇక రెండో వైపు. నేను పొంగిపోతుంటే ఆ అబ్బాయి తండ్రి, నాకు వరసకి అన్న, ఒకరోజు గట్టు మీద కూర్చుని అన్నాడు. "తమ్మీ, నీ పిల్లలకు మన్ను ఆట. మా పిల్లలకు మన్ను బతుకు. గీ మన్నులకెళ్ళి బయటపడాలెనని నేను ఫీజు కడుతున్న. నువ్వేమో గీడికొచ్చి మన్ను ముద్దలు చేపిస్తున్నవ్."

నా దగ్గర జవాబు లేదు. ఆ సెప్టెంబరులో వాళ్ళబ్బాయి దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వింటూ మధ్యలో బర్రెల్ని తోలుకొచ్చేవాడు. మా పిల్లలు ఆ బర్రెల్ని చూసి బొమ్మ గీసేవాళ్ళు. తేడా నాకు తెలియక కాదు.

అందుకే బడి మాన్పించండి అని నేను చెప్పను. అమెరికాలో మన మిత్రులు కొందరు పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్తున్నారు. అక్కడ యాభై రాష్ట్రాల్లోనూ చట్టం ఒప్పుకుంటుంది. మన దగ్గర ఓపెన్ స్కూల్లో పది రాయించొచ్చు. కానీ నిజం మాట్లాడుకుందాం. మా ఇంట్లో ఆ 'హోంస్కూలు' నడిపింది నేను కాదు. గంట ఆట నాది, మిగతా రోజంతా మా ఆవిడది. తన ఉద్యోగం చేసుకుంటూనే. పూర్తిగా ఇంట్లోనే చదువంటే చాలా ఇళ్ళల్లో ఎవరి ఉద్యోగం పోతుందో మీకూ తెలుసు. బళ్ళు తెరవగానే పిల్లల్ని పంపేశాం, హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

బడీ మట్టీ రెండూ కలిపి చూసినవాళ్ళు మా దగ్గరలోనే ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మాచ్‌నూర్‌లో 'పచ్చసాలె' పెట్టింది. పల్లె పిల్లలకి మామూలు చదువుతో పాటు సేద్యం, చేతిపనులు కూడా పాఠాలే. ఆ సంఘం మహిళలు ఏటా సంక్రాంతి నుంచి ఎద్దుల బండ్ల మీద పాత విత్తనాలు పెట్టుకుని ఊరూరా జాతర చేశారు. 2008లో మాచ్‌నూర్‌లోనే సొంత రేడియో మొదలుపెట్టారు. ఇటు చూస్తే 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి సంచీ లేని రోజులు పది ఇవ్వమంది. పదంటే పది! అది కూడా మా చిన్నోడి వయసుకి కాదు.

కాబట్టి నేననేది చిన్న మాట. వేలు పోసి వీకెండ్ నేచర్ క్యాంపులకి పంపే ముందు, ఊళ్ళో మీ అమ్మానాన్నల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళండి. ఊరికే తిప్పడం కాదు, లెక్కపెట్టించండి, తవ్వించండి, రాయించండి. పక్కింటి పిల్లల్నీ కూర్చోబెట్టండి. వాళ్ళు చెప్తే మీ పిల్లలు రాయాలి, వాళ్ళ పేరు కూడా రాయాలి. మట్టి తెలిసినందుకు మార్కులు ఎవరూ వేయడం లేదు కనీసం మనమన్నా వేద్దాం. మా అన్నకి జవాబు అది కాదని తెలుసు, కానీ మొదలు అదే.

తొందరెందుకంటే, కిందటేడు కూడా వెళ్ళి వెతికాం. మందు కొట్టిన పత్తి చేలో ఒక్క ఆరుద్ర పురుగూ దొరకలేదు. పక్కనే కంది, పెసర కలిపి వేసిన చెలకలో మూడు దొరికాయి. ఇదేం పరిశోధన కాదు, ఇద్దరు పిల్లల లెక్క. నా చిన్నప్పుడు మాత్రం వెతికే పనుండేది కాదు, అడుగు చూసుకుని వేయాల్సొచ్చేది. అమ్మకి ఇప్పుడు చూపు ఆనడం లేదు. దొరికిన మూడింటినీ ఆవిడ అరచేతిలో పెడితే, పాకుతుంటే గుర్తుపట్టింది.

ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో వస్తుంది. బళ్ళు తెరిచి పదిరోజులు కూడా అయ్యుండవు. ఒక్కరోజు మాన్పించండి. అటెండెన్సు తగ్గితే నాదీ పూచీ.