ఎవరింటికొచ్చావు బాబూ?

ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులు ఇవ్వగానే హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం బస్టాండ్లు పిల్లలతో నిండిపోతాయి. ఉద్యోగాల కోసం నగరాలకు చేరిన తల్లిదండ్రులు వారిని అమ్మమ్మ దగ్గరకో, నాయనమ్మ దగ్గరకో పంపుతారు. ఏటా ఈ రోజుల్లో ఊరి జ్ఞాపకాల మీద వ్యాసాలు వెల్లువెత్తుతాయి. తాటిముంజలు, మామిడితోపులు, బావిలో ఈతలు, ఆరుబయట నులకమంచాలు వాటిలో తప్పక ఉంటాయి. ఆ వ్యాసాలు చదివితే ఊరు అందరికీ ఒక్కటేనన్న భ్రమ కలుగుతుంది. బస్సు దిగిన పిల్లలు మాత్రం రెండు వేర్వేరు దారులు పడతారు. ఒక దారి రామాలయం మీదుగా వెళుతుంది. రెండోది ఊరు దాటి మాలపల్లెకో మాదిగగూడేనికో చేరుతుంది.

ఈ దేశంలో సెలవులకు అయినవారి దగ్గరకు బయలుదేరిన పిల్లల కథల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది 1901 ప్రాంతంలో సతారా జిల్లాలో జరిగింది. తండ్రి రామ్‌జీ సక్పాల్ కరువు పనుల కింద చెరువు తవ్వుతున్న చోట క్యాషియరుగా ఉన్నారు. తల్లి అప్పటికే లేదు. తొమ్మిదేళ్ల భీమ్‌రావ్, అతని అన్న, చనిపోయిన అక్క కొడుకులు వేసవి సెలవులు తండ్రి దగ్గర గడపాలని ఉత్తరం రాసి బయలుదేరారు. కొత్త చొక్కాలు, జరీ టోపీలు, కొత్త చెప్పులు, పట్టు అంచు ధోవతులు. మసూర్ స్టేషనులో దిగితే ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టర్ దయగానే పలకరించి ఎవరి పిల్లలని అడిగాడు. మహర్లమని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. బండివాళ్లు ఎక్కించుకోబోమన్నారు. చివరకు రెట్టింపు కిరాయి ఇచ్చి, పిల్లలే బండి తోలుకోవాలన్న షరతు మీద ఒకడు ఒప్పుకున్నాడు. దారిలో సుంకం వసూలు చేసేవాడి దగ్గర, బండివాడి సలహా మీద, తాము ముస్లింలమని చెప్పి నీళ్లు అడిగినా దొరకలేదు. వెంట తెచ్చుకున్న అన్నం నిండుగా ఉన్నా నీళ్లు లేక ఆ రాత్రి ఆకలితోనే పడుకున్నారు. మర్నాడు పదకొండు గంటలకు గాని తండ్రిని చేరలేదు. తీరా చూస్తే ఉత్తరాన్ని నౌకరు ఆయనకు అందించనేలేదు.

ఈ ఘటనకు ముందే అంటరానితనం తనకు తెలుసునని అంబేడ్కర్ రాసుకున్నారు. బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోవడం, ప్యూన్ ఉంటేనే నీళ్లు తాగగలగడం అలవాటైన విషయాలే. అయినా ఆ ప్రయాణమే ఆయన మనసును కుదిపింది. కారణం ఊహించడం కష్టం కాదు. బడిలో అవమానం నిత్యకృత్యం. ఇది మాత్రం పండుగ బట్టలు తొడుక్కుని సంబరంగా తండ్రి దగ్గరకు వెళుతున్న పూట ఎదురైంది.

నూటపాతికేళ్లు దాటాక స్టేషన్ మాస్టర్ ప్రశ్న మన పల్లెల్లో ఎంతో మర్యాదగా వినిపిస్తుంది. "ఎవరింటికొచ్చావు బాబూ?" నగరం నుంచి వచ్చిన పిల్లవాడి జీన్స్ ప్యాంటు, చేతిలోని ఫోను, ఇంగ్లిషు మాటలు కులాన్ని చెప్పవు. అందుకే అరుగు మీది పెద్దమనిషికి ఆ వివరం కావాలి. పిల్లవాడు తాత పేరు చెబుతాడు. ఆ మరుక్షణం 'బాబూ' పోయి 'ఏరా' వస్తుంది. దెబ్బ లేదు, తిట్టు లేదు, చట్టంలోని ఏ సెక్షనుకూ అందదు. కానీ తన గొంతు మారకుండానే ఎదుటివాడి గొంతు ఎందుకు మారిందో తెలియని పదేళ్ల పిల్లవాడికి అదే మొదటి పాఠం. మన తెలుగులో కులం అన్నిటికన్నా భద్రంగా దాగిన చోటు క్రియాపదం చివర. 'రండి', 'రా' అన్న రెండు మాటల మధ్య దూరం ఊరికీ వాడకూ మధ్య దూరమే.

రామాలయం దారిన వెళ్లిన పిల్లవాడూ నేర్చుకుంటున్నాడు. ఈ సంగతి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. నగరంలో వాచ్‌మన్‌ను 'అంకుల్' అని పిలిచే పిల్లవాడు, అమ్మమ్మ ఇంట్లో డెబ్బయ్యేళ్ల పాలేరును అందరూ పేరు పెట్టి 'ఒరేయ్' అనడం వింటాడు. నాలుగో రోజుకు తానూ అంటాడు. పెద్దలు మురిసిపోయి నవ్వుతారు. పశువుల పాక చూరులో దోపి ఉంచిన విడి గ్లాసు ఎవరిదని అడిగితే, పనివాళ్లదని ముక్తసరిగా జవాబిస్తారు. జూన్ రెండో వారంలో బడి తెరిచేసరికి ఆ పిల్లవాడికి తన స్థానమేమిటో తెలిసిపోయి ఉంటుంది. రేపు కళాశాలలో రిజర్వేషన్ల మీద వాడు మాట్లాడబోయే మాటలకు బీజం పాఠ్యపుస్తకంలో వెతికితే దొరకదు.

నా చిన్నతనంలో మా నాన్న ఉద్యోగస్తుడు. సెలవులకు మమ్మల్ని ఊరికి తీసుకెళ్లినప్పుడు పెద్దవీధి మొదట్లో ఆగి చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవారు. కాళ్లకు ఇసుక తగిలితే మంచిదని మాకు చెప్పేవారు. మేం నమ్మాం, ఆనందంగా మేమూ విప్పాం. అసలు కారణం తెలిసేసరికి నాకు పద్నాలుగేళ్లు. చెప్పినవాడు నాతో చదివిన ఆ వీధి అబ్బాయే. నాన్న అబద్ధం ప్రేమతో ఆడారని నాకు తెలుసు. ఆ అబద్ధం వల్ల నిజం నాకు వెక్కిరింపుగా చేరిందని కూడా తెలుసు. నేడు చదువుకుని స్థిరపడిన దళిత తల్లిదండ్రులు ఎందరో ఇదే చేస్తున్నారు. ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించి, కులం ఊసెత్తకుండా పిల్లలను పెంచి, ఆ పిల్లలను ఏ సిద్ధతా లేకుండా ఊళ్లో దించుతున్నారు.

తీసుకెళ్లడానికి ఊరే మిగలనివారూ ఉన్నారు. తాగునీటి చెరువులో గేదెల కుడితి బకెట్ కడగడాన్ని ప్రశ్నించడంతో మొదలైన వివాదం 1985 జూలై 17న కారంచేడు హత్యాకాండగా పరిణమించింది. ప్రాణాలు దక్కించుకున్నవారు చీరాలకు చేరి అక్కడే కొత్త బతుకులు వెతుక్కున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ కేసులో 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించగా, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. మృతులను ఖననం చేసిన చోటును రక్తక్షేత్రం అంటున్నారు. ఆ కుటుంబాల పిల్లలకు తాత ఊరు చూడటమంటే ఒక సమాధిని చూడటం.

కులాంతర వివాహాల సంగతి వేరు. మనవడు పుడితే అన్నీ సర్దుకుంటాయన్నది మనం పెళ్లయిన జంటకు చెప్పే ఓదార్పు. సాధారణంగా కూతురిని పిలుస్తారు, బిడ్డను పిలుస్తారు, అల్లుడిని బస్టాండు దాకా రమ్మంటారు. ఇంకో తాత కూడా ఉన్నాడని, ఆయన ఇల్లూ ఇదే మండలంలో ఉందని బిడ్డకు ఎవరూ చెప్పరు. దీన్ని రాజీ అంటున్నాం.

గ్రామాల్లో ప్రతి నెలా 30న అధికారులు జరపవలసిన పౌరహక్కుల దినం ఉంది. చాలా చోట్ల అది ఒక ఫొటో, ఒక సంతకంతో ముగుస్తుంది. కనీసం ఈ ఏప్రిల్, మే నెలల్లోనైనా తహసీల్దారు, ఎస్సై ఆ సభను వాడలోనే నిర్వహించి, సెలవులకు వచ్చిన పిల్లలను రెండు దారుల నుంచీ పిలవవచ్చు. హోటల్ గ్లాసులు, గుడి మెట్లు, బావి గట్టు వారి ఎదుటే చర్చకు రావాలి. తల్లిదండ్రుల పని అంతకన్నా ముందు, బస్సెక్కకముందే మొదలవుతుంది. దళిత తల్లి తన బిడ్డకు అంబేడ్కర్ ఆ వేసవి ప్రయాణాన్ని పూర్తిగా, నీళ్లు దొరకని రాత్రితో సహా చెప్పాలి. రామాలయం దారిన వెళ్లే తండ్రి, పిల్లల ముందు ఆ పాలేరును ఒక్కసారి 'మీరు' అని పిలిచి చూడాలి. అమ్మమ్మ కోప్పడుతుంది. ఆమె కోపానికి కారణమేమిటని పిల్లవాడు అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నెలన్నర సెలవులున్నాయి.